ఊరికే దొరికే ఇంగ్లీషు ఒంటబట్టేదెలా?

డబ్బు పెట్టకుండా ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు నేర్చుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లోంచి ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే రాశాం. వాటి స్పెల్లింగు మీరే డిక్షనరీలో వెతికి పట్టుకోండి, అదీ అభ్యాసమే.

ప్రశ్న: ఫోన్‌లో ఐదు యాప్‌లు, యూట్యూబ్‌లో డజను ఛానెళ్లు, డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లు లెక్కలేనన్ని. ఆరు నెలలైనా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: సరుకు ఎక్కువై దారి కనపడటం లేదు మీకు. ముందు మీ స్థాయి తెలుసుకోండి. భాష ఎంత వచ్చో ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లుగా చెప్పే పద్ధతిని కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించింది. మంచి సైట్లలో పాఠాల పక్కన కనిపించేవి ఈ గుర్తులే. బ్రిటిష్ కౌన్సిల్ వారి లెర్న్‌ఇంగ్లీష్ సైట్‌లో ఉచితంగా పరీక్ష రాసి చూసుకోవచ్చు. ఫలితం బి1 అని వస్తే ఎ2 పాఠాలతో మొదలుపెట్టండి. ఇలాంటి పరీక్షల్లో నాలుగు జవాబుల్లోంచి సరైనది గుర్తుపట్టడమే పని. గుర్తుపట్టగలిగినదంతా నోటికి రాదు, చేతికీ రాదు. అందుకే ఒక మెట్టు దిగమంటున్నాం.

తరవాత మూడే మూడు ఉంచుకోండి: వినడానికి ఒకటి, చదవడానికి ఒకటి, ఒక డిక్షనరీ. బి1 దాటినవారికి వినడానికి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’ బాగుంటుంది. ఆరు నిమిషాల సంభాషణ, దానికి రాతప్రతి, కొత్త మాటలకు అర్థాలు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. అంతకంటే కింది మెట్టువారికి లెర్న్‌ఇంగ్లీష్‌లో ఎ1, ఎ2 శ్రవణ పాఠాలు ఉన్నాయి. రోజుకు నలభై నిమిషాలు చాలు. పదిహేను వినండి, పదిహేను చదవండి, పది నిమిషాలు విన్నదాని గురించి నాలుగు వాక్యాలు రాయండి. రెండు నెలలు ఈ మూడూ మార్చకండి. మిగతా యాప్‌లు తీసేయండి, కావాలంటే మళ్లీ ఎప్పుడైనా దొరుకుతాయి.

ఇంకో మాట. ఇంగ్లీషు గురించి తెలుగులో చెప్పే వీడియో గంటసేపు చూస్తే చెవిన పడే ఇంగ్లీషు పదో ఇరవయ్యో వాక్యాలు. దాన్ని మీ నలభై నిమిషాల్లో కలపకండి.

ప్రశ్న: ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే సైట్‌లో ఒక పేరున్న నవల ఉచితంగా దొరికితే మొదలుపెట్టాను. పంక్తికి రెండుసార్లు డిక్షనరీ చూస్తూ పది పేజీల్లో ఆగిపోయాను. నాలోనే లోపమా?

జవాబు: లోపం మీలో లేదు, ఎంపికలో ఉంది. గుటెన్‌బర్గ్‌ను మైకేల్ హార్ట్ 1971లో మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో 70,000కు పైగా పుస్తకాలున్నాయి. దాదాపు అన్నీ కాపీరైటు తీరినవే కాబట్టి అంత ధారాళంగా ఇవ్వగలుగుతున్నారు. అమెరికాలో ఆనాటి ప్రచురణలకు కాపీరైటు 95 ఏళ్లు. అంటే మీ చేతికి వచ్చేది దాదాపు వందేళ్లు, అంతకంటే పాత ఇంగ్లీషు. సెమీకోలన్లతో అరపేజీ సాగే వాక్యాలు, ‘అపాన్’లు, ‘షల్’లు. దాన్ని చూసి మాట్లాడితే ఇవాళ గ్రాంథికంలో మాట్లాడినట్టు ఉంటుంది.

చదివే పుస్తకం మీ స్థాయికి తగినదో కాదో తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. పదసంపద మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన పాల్ నేషన్ తదితరుల లెక్కలో, ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే పేజీలోని మాటల్లో 98 శాతం ముందే తెలిసి ఉండాలి. అంటే యాభై మాటలకు తెలియనిది ఒక్కటి. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తీయండి. పేజీలో 250 మాటలుంటే, తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవండి. ఒక చెయ్యి మూసుకునేలోపు పేజీ అయిపోతే అది మీ పుస్తకం. రెండు చేతులూ చాలకపోతే పక్కన పెట్టండి, ఏడాది తరవాత చూద్దురుగాని. మొదటి పేజీతో ఈ పరీక్ష చేయకండి. చాలా నవలలు వర్ణనతో మొదలవుతాయి, అక్కడే కష్టమైన మాటలు గుమిగూడి ఉంటాయి.

మరి ఇప్పుడు ఏం చదవాలి? వికీపీడియాకు ‘సింపుల్ ఇంగ్లీష్’ అని వేరే కూర్పు ఉంది, 2001 నుంచీ నడుస్తోంది. మామూలు ఇంగ్లీషు వ్యాసం అడ్రసులో మొదట ఉండే ‘ఈ, ఎన్’ అక్షరాలు చెరిపి అక్కడ ‘సింపుల్’ అని టైపు చేస్తే, ఆ విషయం మీద తేలిక వ్యాసం ఉన్నప్పుడు అదే తెరుచుకుంటుంది. మీకు బాగా తెలిసిన విషయం తీసుకోండి: చంద్రుడో, తేనెటీగో, క్రికెట్టో. మొదట తెలుగు వికీపీడియాలో, తరవాత సింపుల్‌లో, వారం తరవాత మామూలు ఇంగ్లీషులో చదవండి. విషయం ముందే తెలుసు కాబట్టి తెలియని మాట అర్థం చాలాచోట్ల దానంతటదే తెలిసిపోతుంది. సింపుల్‌లో కొన్ని వ్యాసాలు మరీ పొట్టివి, కొన్ని ఓపికగా రాసినవి కావు. అలాంటివి తగిలితే వదిలేసి ఇంకో విషయానికి పోండి.

డిక్షనరీ పంక్తి పంక్తికీ తీయకండి. పేరా పూర్తయ్యేదాకా తెలియని మాట కింద గీత పెట్టుకుంటూ పొండి. అదే మాట మూడోసారి తగిలితే అప్పుడు చూడండి. మూడుసార్లు రాని మాటతో ప్రస్తుతానికి మీకు పని లేదు.

గుటెన్‌బర్గ్ కథలు చదవగలిగే రోజు వచ్చాక లిబ్రివాక్స్‌ను జత చేయండి. అదే పుస్తకాలను స్వచ్ఛందంగా చదివి రికార్డు చేసినవారి గొంతులు 2005 నుంచి అక్కడ చేరుతున్నాయి. చదివేది వాలంటీర్లు కనుక ఒకరి ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది, ఒకరిది ఉండదు. అధ్యాయానికో గొంతు మారే పుస్తకాలు మొదట్లో తికమక పెడతాయి. మొత్తం ఒక్కరే చదివినది వెతుక్కోండి.

ప్రశ్న: పదాలన్నీ విడివిడిగా తెలుసు, వాక్యం మాత్రం అర్థం కాదు. ఒక కంపెనీ గురించిన వార్తలో ‘ది రైటింగ్ ఈజ్ ఆన్ ది వాల్’ అని ఉంది. గోడ మీద ఏం రాశారో వ్యాసమంతా వెతికినా లేదు.

జవాబు: ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మాకు బాగా నచ్చినది ఇది. తెలుగు నేర్చుకుంటున్న విదేశీయుడెవరికో ‘శల్యసారథ్యం’ అనే మాట ఎదురైందనుకోండి. శల్యుడు ఒక పేరు, సారథ్యం అంటే రథం నడపడం. డిక్షనరీ అంతవరకే తీసుకెళుతుంది. కర్ణుడి రథం మీద కూర్చుని అతనికే పిరికిమందు పోసిన సంగతి తెలిస్తే తప్ప ఆ మాట లోపలికి దిగదు. మీకు ఎదురైందీ అలాంటిదే.

బైబిల్‌లో దానియేలు గ్రంథం అయిదో అధ్యాయం. బెల్షస్సరు అనే రాజు విందు చేస్తుంటే ఒక చెయ్యి కనబడి గోడ మీద ఏవో మాటలు రాస్తుంది. నీ రాజ్యం రోజులు ముగిశాయని వాటి అర్థం. ఆ రాత్రే రాజు చనిపోతాడు. కాబట్టి వార్త చెబుతున్నది, ఆ కంపెనీ పతనం ఖాయమని, ఆనవాళ్లు ఇప్పటికే కనబడుతున్నాయని.

ఇంగ్లీషు వెనక ఇలాంటి కథల నిలవలు నాలుగైదు ఉన్నాయి. బైబిల్ మొదటిది, ముఖ్యంగా 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం. డేవిడ్, గోలియత్ (చిన్నవాడు మహాకాయుణ్ణి ఓడించిన కథ); గుడ్ సమారిటన్; ఫర్బిడెన్ ఫ్రూట్ అక్కడివే. గ్రీకు కథలు రెండోది. ‘అకిలీస్ హీల్’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి మనకు అట్టే శ్రమ అక్కరలేదు, దుర్యోధనుడి తొడలు తెలుసు కదా. ట్రోజన్ హార్స్ కథ చదివితే కంప్యూటర్‌లో దూరే ‘ట్రోజన్’కు ఆ పేరెందుకో తెలుస్తుంది. మూడోది ఈసప్. అందని ద్రాక్ష పుల్లన, సింహభాగం, ‘నాన్నా పులి’ మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. ‘సవర్ గ్రేప్స్’, ‘లయన్స్ షేర్’, ‘క్రై వుల్ఫ్’ అని ఇంగ్లీషులో చూసినప్పుడు వాటిని గుర్తుపట్టడమే మిగిలింది.

నవలల్లోంచి దిగివచ్చి మామూలు మాటలైపోయిన పేర్లు ఇంకో గుంపు. 1843లో డికెన్స్ సృష్టించిన స్క్రూజ్ ఇవాళ ఏ పిసినారికైనా పేరు. ఒకే మనిషిలో ఇద్దరు కనబడితే జెకిల్ అండ్ హైడ్ అంటారు, అది 1886 నాటి స్టీవెన్సన్ కథ. ఆటల్లోంచి వచ్చినవీ ఉన్నాయి. క్రికెట్ మనకు తెలుసు కాబట్టి ‘స్టిక్కీ వికెట్’ అంటే చిక్కు పరిస్థితి అని ఇట్టే పట్టుకోగలం. అమెరికన్లు రాసేది చదవాలంటే మాత్రం బేస్‌బాల్ తెలియాలి. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఉజ్జాయింపు లెక్క, ‘కర్వ్‌బాల్’ అంటే ఊహించని చిక్కు, ‘టచ్ బేస్’ అంటే ఓసారి మాట్లాడుకోవడం. సింపుల్ వికీపీడియాలో బేస్‌బాల్ వ్యాసం అరగంట చదివితే వీటిలో చాలా వాటికి తాళంచెవి దొరుకుతుంది.

చదివే పద్ధతి ఇది. వారానికి ఒక కథ. కథను ముందు తేలిక భాషలో చదవండి. బైబిల్ కథలైతే ఆధునిక అనువాదాలు ఎన్నో ఉచితంగా ఉన్నాయి, కింగ్ జేమ్స్ ఇప్పుడే వద్దు. తరవాత ఆ పదబంధాన్ని, ఉదాహరణకు ‘డేవిడ్ అండ్ గోలియత్’ను, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వార్తల్లో వెతకండి. గుర్తులు పెట్టకపోతే డేవిడ్ అనే పేరున్న ప్రతివాడి వార్తా వచ్చి పడుతుంది. ఐదు శీర్షికలు తీసుకుని ఒక్కొక్కదాని కింద ఒక వాక్యం రాయండి: ఇక్కడ డేవిడ్ ఎవరు, గోలియత్ ఎవరు, రాసినవారు ఎవరి పక్షం? ఈ మూడో ప్రశ్న వదలకండి. ఎవరినైనా డేవిడ్ అన్నారంటే రాసినవారి జాలి అటే ఉందని అర్థం. అది వ్యాకరణ పుస్తకాలు చెప్పవు.

సామెతల్లో సగం చెప్పి ఊరుకునే అలవాటు ఇంగ్లీషులోనూ ఉంది. ‘వెన్ ఇన్ రోమ్’ అని ఆపేస్తారు. ‘డు యాజ్ ద రోమన్స్ డు’ అనే మిగతా ముక్క వినేవారికి తెలుసని లెక్క. వాక్యం మధ్యలో తెగినట్టు అనిపిస్తే ముందు ఆ అనుమానం పెట్టుకోండి.

ప్రశ్న: విదేశంలో ఉన్న సహోద్యోగికి మర్యాదగానే మెయిల్ రాశాను, ‘ప్లీజ్’ కూడా పెట్టాను. ఆజ్ఞాపించినట్టుందని ఆవిడ నొచ్చుకున్నారు. తప్పెక్కడ?

జవాబు: తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. ‘పంపండి’ అన్నామంటే ‘అండి’ పని చేసేసింది. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. ‘ప్లీజ్ సెండ్ మీ ద ఫైల్’ అనేది కొందరి చెవికి ‘ప్లీజ్’ తగిలించిన ఆజ్ఞే. మర్యాద కావాలంటే వాక్యాన్ని ప్రశ్నగా మార్చాలి: ‘కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్?’. ‘వుడ్ యూ మైండ్ సెండింగ్...?’ అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, పంపడానికి ఒప్పుకుంటూ ‘నాట్ ఎట్ ఆల్’ అనాలి. పంపడం మీకు ఇబ్బందా అని అడిగారు మరి. ‘యెస్’ అంటే ఇబ్బందే అన్నట్టు.

దేశాన్ని బట్టి మారేవీ ఉన్నాయి. ‘క్వైట్ గుడ్’ అంటే బ్రిటన్‌లో తరచు ‘ఫరవాలేదు’ అని, అమెరికాలో ‘చాలా బాగుంది’ అని. సమావేశంలో ఒక ప్రతిపాదనను ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో వాయిదా వేయడం.

ప్రశ్న: ఫోన్‌లో అనువాద యాప్ ఉండగా డిక్షనరీ ఎందుకు?

జవాబు: మాట అర్థం యాప్ చెబుతుంది, వాడుక చెప్పదు. ‘సజెస్ట్’ అని కొడితే ‘సూచించు’ అని వస్తుంది. ‘నాకో మంచి పుస్తకం సూచించండి’ అనేది మనసులో పెట్టుకుని ‘సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్’ అనేస్తాం. అది తప్పు. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ వారి లెర్నర్ డిక్షనరీలు మూడూ ఇంటర్నెట్‌లో ఉచితమే. వాటిలో ‘సజెస్ట్’ తెరిస్తే ఉదాహరణలు ‘సజెస్ట్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ’, ‘సజెస్ట్ డూయింగ్’ వంటి తీరుల్లో ఉంటాయి. నామవాచకం పక్కన ‘సి’ అక్షరమో ‘కౌంటబుల్’ అనో ఉంటే లెక్కపెట్టగలిగినది, ‘యు’ అనో ‘అన్‌కౌంటబుల్’ అనో ఉంటే లెక్కపెట్టలేనిది. తెలుగులో సలహాలు ఎన్నైనా ఇవ్వొచ్చు. ఇంగ్లీషులో ‘అడ్వైస్’ లెక్కపెట్టలేనిది కనుక ‘అడ్వైసెస్’ కుదరదు, ‘సమ్ అడ్వైస్’ అనాలి. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, లగేజ్ అన్నీ ఆ కోవే. లాంగ్‌మన్‌లో వివరణలు సుమారు 2,000 మాటల పరిధిలో రాస్తారు కాబట్టి అర్థం కోసం వెళ్లి ఇంకో మాట దగ్గర ఇరుక్కునే బాధ తక్కువ. మొదలుపెట్టేవారికి అదే మా సలహా.

ప్రశ్న: సబ్‌టైటిళ్లు తీసేస్తే ఒక్క ముక్క అర్థం కాదు. చెవికి అలవాటయ్యేదెలా?

జవాబు: కంటికి పని తప్పించి చెవికి అప్పజెప్పాలి. రాతప్రతి ఉన్న ఆడియోలో ఒక్క నిమిషం తీసుకోండి. మొదట ఏమీ రాయకుండా రెండుసార్లు వినండి. తరవాత వాక్యం వాక్యం ఆపుతూ విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టండి. ఒక్కో వాక్యానికి నాలుగుసార్లు మించి వెనక్కి పోవద్దు, అందని చోట ఖాళీ వదలండి. చివరికి రాతప్రతితో పోల్చి ఎర్ర సిరాతో దిద్దుకోండి. మొత్తం ఇరవై నిమిషాల పని.

దిద్దేటప్పుడు తప్పులు రెండు రకాలుగా విడదీయాలి. తెలియని మాట వినపడకపోతే అది పదసంపద లోటు. తెలిసిన మాటే వినపడకపోతే అసలు పని అక్కడుంది. మచ్చుకు మీరు ‘షుడ్ ఆఫ్ టోల్డ్’ అని రాశారనుకుందాం, ప్రతిలో ‘షుడ్ హావ్ టోల్డ్’ అని ఉంది. వేగంగా అన్నప్పుడు ‘హావ్’లో హకారం పోయి, అచ్చు నలిగి ‘షుడవ్’ అని మిగులుతుంది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో బరువున్న మాట నిలబడి, ‘టు, ఆఫ్, హావ్, ద’ లాంటివి నలిగిపోతాయి. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరం మీద, ‘ఫటాగ్రఫర్’లో రెండోదాని మీద. అందుకే ఒకే కుటుంబంలోని మాటలు కూడా వేరుగా వినబడతాయి. ఆ నలిగిన రూపాలకు నోటుబుక్కులో వేరే పేజీ పెట్టండి. ముప్పై చేరేసరికి అవే మళ్లీ మళ్లీ రావడం గమనిస్తారు.

యూట్యూబ్‌లో చేసేట్టయితే వేగం 0.75కు తగ్గించండి, అంతకంటే తగ్గిస్తే మాటలు సాగి అసలు రూపం చెడిపోతుంది. మెషీన్ దానంతటది తయారుచేసే సబ్‌టైటిళ్లతో దిద్దుకోకండి. పేర్ల దగ్గర, నలిగిన మాటల దగ్గర అవే తప్పుతాయి.

ప్రశ్న: మాటలు గుర్తుండటానికి ‘ఆంకీ’ అనే కార్డుల యాప్ వాడాను. నెల తిరిగేసరికి రోజుకు రెండు వందల కార్డులు తిప్పాల్సి వచ్చి మానేశాను.

జవాబు: రోజుకు 20 కొత్త కార్డులు అని ఆంకీ ముందే పెట్టి ఉంచుతుంది. పాతవి తిరిగొచ్చే కొద్దీ అవి పోగుపడతాయి. సెట్టింగ్స్‌లో దాన్ని ఐదుకు తగ్గించండి. ఇంకొకరు తయారుచేసిన వేల కార్డుల కట్టలు దించుకోకండి. మీరు చదివిన వాక్యాన్నే కార్డుకు ముందువైపు పెట్టి, కొత్త మాట స్థానంలో ఖాళీ వదలండి. వెనకవైపు ఆ మాట, దాని ఉచ్చారణ. ఉత్త మాట, పక్కన తెలుగు అర్థం ఉన్న కార్డు గుర్తుంటుంది గానీ మాట్లాడేటప్పుడు అక్కరకు రాదు. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్ యాప్‌కు డబ్బు కట్టాలి, కాబట్టి అక్కడ బ్రౌజర్‌లో ఆంకీవెబ్ వాడుకోవచ్చు.

ప్రశ్న: మాట్లాడటానికి తోడెవరూ లేరు. చాట్‌బాట్‌తో మాట్లాడితే చాలా?

జవాబు: పనికొస్తుంది, ఒక షరతు మీద. ఊరికే కబుర్లాడితే మీ తప్పులన్నీ సర్దుకుని అర్థం చేసేసుకుంటుంది, మీకు తెలియనే తెలియదు. ‘నా ప్రతి సందేశంలో ముఖ్యమైన మూడు తప్పులు మాత్రమే చూపించు, నా వాక్యం మొత్తం తిరగరాయకు’ అని మొదటే చెప్పండి. అది తప్పన్నదల్లా తప్పు కాదు, అనుమానమొస్తే డిక్షనరీ ఉదాహరణలతో సరిచూసుకోండి. మనవాళ్లు ఎక్కువగా పొరబడేవి చెబుతాం, ముందే కాచుకోండి: ‘ఐ హావ్ కమ్ యెస్టర్‌డే’ కాదు, ‘ఐ కేమ్ యెస్టర్‌డే’, నిన్న, పోయినేడు అని కాలం చెప్పేస్తే ‘హావ్’ రాదు. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’ అక్కర్లేదు. ‘ఐయామ్ హావింగ్ టూ బ్రదర్స్’ కాదు, ‘ఐ హావ్’.

గొంతుకు అభ్యాసం కావాలంటే, ఇంతకుముందు చెప్పినట్టు విని రాసిన ఆ నిమిషం ఆడియోనే మీ గొంతుతో రికార్డు చేసి రెండూ ఒకదాని వెనక ఒకటి వినండి. ‘వ’కారం దగ్గర చెవి పెట్టండి. ‘వెరీ’కి పైపళ్లు కింది పెదవిని తాకాలి, ‘వెల్’కు పెదవులు గుండ్రంగా చుట్టాలి. తెలుగులో రెంటికీ ఒకటే అక్షరం కాబట్టి తేడా మన చెవికి తట్టదు.

ప్రశ్న: ఉచిత సర్టిఫికెట్లకు విలువ ఉందా?

జవాబు: మీ స్థాయి మీకు తెలియడానికి ఉంది. విశ్వవిద్యాలయ ప్రవేశానికో వీసాకో అడిగేది ఐఈఎల్‌టీఎస్ వంటి డబ్బు కట్టి, పర్యవేక్షణలో రాసే పరీక్ష. ఉచితంగా ఇచ్చామని చెప్పి కార్డు వివరాలు అడిగితే అక్కడే ఆగిపోండి.

ప్రశ్న: ‘మీ ఇంట్లో మీరు ఎన్నోవారు?’ దీన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలి? ఎవరిని అడిగినా తలో మాటా చెబుతున్నారు.

జవాబు: ‘ఎన్నో’కు సరిసమానమైన మాట ఇంగ్లీషు వాడుకలో లేదు. అందుకే తలో మాటా చెబుతున్నారు. మాటకు మాట వెతకడం మాని, ఆ సందర్భంలో ఇంగ్లీషువారు ఏం అడుగుతారో చూడండి. ‘ఆర్ యూ ది ఓల్డెస్ట్?’ అంటారు, పెద్దవారు కాకపోతే ‘నో, ఐయామ్ ద థర్డ్ ఆఫ్ ఫోర్’ అని జవాబు వస్తుంది. కచ్చితంగా స్థానమే కావాలంటే ‘వేర్ డు యూ కమ్ ఇన్ ద ఫ్యామిలీ?’ అని అడగొచ్చు. దేశాధ్యక్షుల విషయంలో ‘ఎన్నో అధ్యక్షుడు’ అనడానికి బదులు ‘హౌ మెనీ ప్రెసిడెంట్స్ వర్ దేర్ బిఫోర్ హిమ్?’ అని అడిగి, వచ్చిన అంకెకు ఒకటి కలుపుకోవాలి.